మిరపకాయల గోడౌను ట్రూపు

మా ముత్తాతగారు మూడు గ్రామాల ముఖాసాదారు. ఆ మూడు గ్రామాల శిస్తు ఆయన కచేరీకే చేరేది. బందరు నుంచి కలెక్టరు దొర బెజవాడ వచ్చినప్పుడు ఆయన ఎదుట కుర్చీలో కూర్చునే అర్హత ఉన్న కొద్దిమందిలో ముత్తాతగారు ఒకరు. మిగిలినవాళ్ళు నిలబడేవారు. మా తాతగారు తాలూకా బోర్డు అధ్యక్షులుగా చేశారు. దసరా తొమ్మిది రోజులూ మా సావిట్లో సంగీత కచేరీలు జరిగేవి. విద్వాంసులు జంపఖానా మీద కూర్చుని పాడేవారు, తాతగారు ముత్తాతగారి ఇరుగుడు కర్ర కుర్చీలో కూర్చుని వినేవారు, చివర్న శాలువా కప్పేవారు. మా ఇంట్లో సంగీతం వినేవాళ్ళే గాని వినిపించేవాళ్ళు లేరు. మా నాన్నగారి కాలానికి ఎస్టేట్ల రద్దు వచ్చింది, వెనకాలే కోర్టులు వచ్చాయి. ఆయన ఒకరి కింద పని చెయ్యలేదు. ఒకరిచేత చేయించుకునే స్థితి మిగల్లేదు. పటమటలో మూడు గదుల ఇంటికి చేరాం. ముందుగదిలో సగం ఆ కుర్చీయే ఉండేది.

ఇదంతా గొప్పకి చెప్పడం లేదు. ఇది తెలియకపోతే మిగతాది అర్థం కాదు.

ఈమధ్య ఒక వారపత్రికలో ఒక సినిమా గిటారు కళాకారుడి గురించి రెండు పేజీలు రాశారు. నాకు తెచ్చి చూపించినవారు నన్నొక మాదిరిగా చూశారు. అందులో మా ట్రూపు గురించి రెండు వాక్యాలున్నాయి. కుర్రతనంలో బెజవాడలో స్నేహితులతో కలిసి సరదాగా ఒక ట్రూపు పెట్టాడట. బేసు గిటారు వాయించే అతనికి ఇంట్లో ఏదో పని పడి అది ఆగిపోయిందట.

ఆ అతను నేనే. అది సరదాకి పెట్టిన ట్రూపు కాదు. నాకు ఇంట్లో ఏ పనీ పడలేదు.

దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు మొదలుపెట్టాం. నలుగురం. గిటారు అతను క్రైస్తవుల అబ్బాయి, వాళ్ళమ్మగారు మిషన్ ఆసుపత్రిలో నర్సు. చర్చిలో పాటలకు వాయించి వాయించి చెయ్యి తిరిగినవాడు. వాళ్ళ మేనమామ ఓడ ఇంజన్ గదిలో పనిచేసేవారు. సెలవుకి వచ్చినప్పుడు ఒక టేప్ రికార్డరూ కొన్ని క్యాసెట్లూ ఇచ్చిపోయారు. ఇంగ్లండులో మా వయసు కుర్రాళ్ళు గిటారు మీద మూడే స్వరమేళాలతో, కొండమీంచి దొర్లుతున్నట్టు వాయించిన పాటలు. అరుపులాగే ఉండేవి, కాని ప్రతి అరుపులోనూ హాయిగా కూనిరాగం తీసుకోదగ్గ వరస ఒకటుండేది. ఒక్క పాటా మూడు నిమిషాలు దాటేది కాదు.

డ్రమ్ములు వాయించేవాడు వన్ టౌన్‌లో మిరపకాయల టోకు వ్యాపారి కొడుకు. బ్యాండుమేళం వాళ్ళ పాత పెద్ద డ్రమ్ము ఒకటి, స్కౌట్ల సైడు డ్రమ్ము ఒకటి, వాళ్ళ నాయనమ్మ ఇత్తడి తాంబాళం ఒకటి కలిపి ఒక సెట్టు తయారుచేశాడు. పాడేవాడు భవానీపురంలో ఉండేవాడు. టైర్ల షాపులో గుమాస్తా. తెనాలి వైపు రైతు కుటుంబం. పాటలు అతనే కట్టేవాడు.

నాకు బేసు గిటారు ఎలా వచ్చిందంటే, రైల్వే కాలనీలో ఒక ఆంగ్లో ఇండియన్ గార్డు ఉద్యోగం మానేసి దేశం విడిచిపోతూ సామాను వదిలించుకుంటున్నాడు. తాతగారి జేబుగడియారం ఇచ్చి ఆ నాలుగు తీగల గిటారూ దాని ఆంప్లిఫయరూ తెచ్చుకున్నాను. నాన్నగారు దాన్ని ఒక్కసారి చూసి, "దీన్ని ఎవరెదుట వాయిస్తావు?" అని అడిగారు. ఎలా వాయిస్తావని గాని ఎందుకని గాని అడగలేదు.

ఆదివారాలు మిరపకాయల గోడౌనులో ప్రాక్టీసు. ఇంకెక్కడా మమ్మల్ని రానిచ్చేవాళ్ళు కాదు. చుట్టూ గోతాలు, నెత్తిమీద రేకులు. డ్రమ్ము మోగితే గోతాల్లోంచి ఘాటు లేచేది. రెండు నిమిషాలు వాయించేసరికి నలుగురికీ తుమ్ములూ దగ్గూ పట్టుకునేవి, బయటికి పరిగెత్తి రోడ్డు మీద నిలబడేవాళ్ళం. మా పాటలు రెండు నిమిషాలకు మించకపోవడానికి కారణం అదే. క్యాసెట్లు విని నేర్చుకున్నాం అని గిటారతను అనేవాడు. అబద్ధం కాదు, కాని గోడౌను లేకపోతే మూడో నిమిషం వాయించేవాళ్ళం. పాడేవాడి గొంతులో ఆ గరగర కూడా అక్కడ వచ్చిందే.

నేను కూర్చుని వాయించేవాణ్ణి. మిగతా ముగ్గురికీ అదొక వినోదం. డ్రమ్ములవాడూ కూర్చునేవాడు గాని వాడిది డాల్డా డబ్బా.

"ఒరేయ్ జమీందారూ, క్యాసెట్ అట్ట మీద చూడు. ఒక్కడైనా కూర్చున్నాడేంట్రా?" అనేవాడు పాడేవాడు.

"నిలబడితే చెయ్యి వణుకుతుంది," అనేవాణ్ణి.

"వణకదు. మీ ముత్తాత వచ్చి చెవి మెలేస్తాడని భయం."

"కూర్చోనివ్వరా," అనేవాడు డ్రమ్ములవాడు. "బాబుగారు కూర్చుంటేనే పాటకి శిస్తు వసూలవుద్ది."

నవ్వేవాళ్ళం. వాళ్ళు 'బాబుగారు' అంటే నాకు కోపం వచ్చేది కాదు. ఆ గోడౌనులో అదొక ముద్దుపేరు. నేను ఎవరి మునిమనవణ్ణో అవసరం లేని చోటు నాకు ఊళ్ళో అదొక్కటే. తాళం తప్పితే తిట్టేవారు, కుదిరితే ఏమీ అనేవారు కాదు. వాళ్ళు ఏమీ అనకపోతే నాకు ఎంత బాగుండేదో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

అన్నిటికన్నా మంచి పాట గేటు పాట. బెజవాడలో పుట్టినవాడికి రైలు గేటు దగ్గర నిలబడటం గురించి వేరే చెప్పక్కర్లేదు. "గేటు పడింది, గేటు పడింది, పోయేవాళ్ళు పోయారు, నేనే ఇవతల" అని మొదలయ్యేది. దానికి ముందు డ్రమ్ముల పుల్లలతో నాలుగు దెబ్బలు, తర్వాత నా గిటారు ఒక్కటే, రైలు దూరం నుంచి వస్తున్నట్టు. ఆ వరస నేను కట్టిందే. ఆ తర్వాతే మిగతావాళ్ళు అందుకునేవారు. వాయిస్తే నిమిషమున్నర. కాలేజీ వార్షికోత్సవంలో వాయించినప్పుడు ముందు వరసలో ఒక లెక్చరరు గారు, "మైకు టెస్టింగ్ అయిందాండీ, ఇక పాట మొదలుపెడతారా?" అని అడిగారు. వెనక బెంచీల కుర్రాళ్ళు మాత్రం మూడుసార్లు మళ్ళీ వాయించమన్నారు.

ఏడాదిపాటు అలా నడిచింది. రైల్వే ఇన్‌స్టిట్యూటులో, రెండు దసరా పందిళ్ళలో, ఒక ట్యుటోరియల్ కాలేజీ మేడ మీద వాయించాం. అప్పుడు డ్రమ్ములవాడు ఒక కబురు తెచ్చాడు. వాళ్ళ నాన్నగారికి తెలిసిన ఒక రైసు మిల్లు యజమాని కూతురి పెళ్ళి. పెళ్ళికొడుకు మేనమామ మద్రాసులో ఒక రికార్డుల కంపెనీలో పాటలు ఎంపిక చేసే ఆయన. కొత్తరకం ట్రూపు అని చెబితే, "పెళ్ళికి ఎలాగూ వస్తున్నాను, మూడు పాటలు వింటాను. బాగుంటే రెండు వైపులా రెండు పాటలతో చిన్న రికార్డు వేయిద్దాం," అన్నారట. పొద్దున ముహూర్తం, మధ్యాహ్నం భోజనాలు, నాలుగింటికి మా ప్రోగ్రాం.

నెలరోజులు గోడౌను వదల్లేదు. రికార్డు మీద వంశాల పేర్లు వెయ్యరు. వాయించినవాడి పేరు వేస్తారు. నాకు కావలసింది అంతే. నేను ఏదైనా చేశాను అని చూపించడానికి ఒక నల్లటి బిళ్ళ.

శుభలేఖ చూసి పాడేవాడు అడిగాడు. "ఇది మీ ఊరే కదరా?"

"మా ఊరు కాదు. మా ఊళ్ళలో ఒకటి."

"అబ్బో," అన్నాడు.

బందరు కాలవ గట్టు మీదుగా మైకు సెట్టు వాళ్ళ వ్యానులో వెళ్ళాం. మిల్లు దొడ్డి నిండా పందిరి. స్టేజీ అంటే రెండు ట్రాక్టరు ట్రక్కులు పక్కపక్కన నిలబెట్టి పైన పలకలు పరిచారు. నేను ఆంప్లిఫయరు రెండు చేతుల్తో పట్టుకుని దించుతున్నాను. గోడవార మంచం మీద కూర్చున్న ఒక ముసలాయన లేచి వచ్చి నా మొహంలోకి చూశాడు. మా ఇంటి మగవాళ్ళందరిదీ ఒకటే ముక్కు.

"తమరు ముఖాసా బాబుగారి మనవలు కాదూ?"

కాదని అనాల్సింది. అవునన్నాను.

ఐదు నిమిషాల్లో మిల్లు యజమాని వచ్చారు. దూరంలోనే చెప్పులు విడిచారు. ఆయన అయిదు వందల ఎకరాల పంట ఆడించే మిల్లుకి యజమాని, నేను అరిగిపోయిన చొక్కాలో ఉన్నాను. నా చేతుల్లోంచి ఆంప్లిఫయరు లాక్కున్నంత పని చేశారు.

"తమరు మొయ్యడమేంటి బాబూ. మా అయ్య తమ తాతగారి గుర్రానికి దాణా పెట్టినవాడు. ఎవరు పిలిచారు తమర్ని ఇట్టా? రండి, మొదటి బంతి కూర్చునేలోపల రండి."

పందిట్లో కూర్చున్న పెద్దవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు లేచి నిలబడ్డారు. నేను పుట్టిన తర్వాత నన్ను చూసి ఎవరైనా లేచి నిలబడటం అదే మొదలు. నాన్నగారికి కూడా ఆ మర్యాద జరగ్గా నేను చూడలేదు. నా ముగ్గురు స్నేహితులు ట్రక్కు పక్కన వైర్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. వీళ్ళూ నాతో వస్తారు అంటే సరిపోయేది. ఆయన కాదనేవారు కాదు. మొదటి బంతిలో నాలుగు ఆకులు వేయించేవారు.

నేను అన్నది ఇది. "వాళ్ళకి కూడా భోజనాలు పెట్టించండి."

పాడేవాడు నా వంక చూశాడు. "మాకు పెట్టిస్తారులెండి. తమరు వెళ్ళండి," అన్నాడు. ఏడాదిలో ఆ 'అండి' వేళాకోళం లేకుండా అనడం అదొక్కసారే. వాళ్ళు మైకు సెట్టు వాళ్ళతో కలిసి మిల్లు వెనకాల ఆఖరి బంతిలో తిన్నారని తర్వాత తెలిసింది. నాకు పెళ్ళికొడుకు తాతగారి పక్కన వడ్డించారు. పూర్ణాలు ఆయనే స్వయంగా వేయించారు. రుచి గుర్తులేదు.

చేతులు కడుక్కుని స్టేజీ వైపు కదిలాను. మిల్లు యజమాని ఎదురొచ్చి రెండు చేతులూ జోడించారు.

"ఒక్క మనవి బాబుగారూ. తమరు ఆ ట్రక్కు ఎక్కొద్దు. నా గుమ్మంలో తమరు వాయించి నేను కూర్చుని వినడమా? ఊరు నా మొహాన ఉమ్మేస్తుంది. ముందు వరసలో తమకి కుర్చీ వేయించాను."

పెళ్ళి పందిట్లో చేతులు జోడించి మనవి అంటే కాదనకూడదు. అది మా ఇంటి ఆచారం. తాతగారు ఇలాంటి పందిళ్ళలో మనవులు మన్నించే శిస్తులు సడలించారు, చెరువులు వదిలేశారు. నా దగ్గర వదలడానికి ఏమీ లేదు, ఒక్క రికార్డు తప్ప. ఆయన నన్ను అవమానించి ఉంటే ట్రక్కు ఎక్కేవాణ్ణి. ఆ సంగతి నాకు బాగా తెలుసు. ఆయన గౌరవించారు. గౌరవించేవాణ్ణి ఎదిరించడం మాకు ఎవరూ నేర్పలేదు.

వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాను. మంచి టేకు కుర్చీ. ఎవరో పన్నీరు చల్లారు, చందనం ఇచ్చారు. నా పక్క కుర్చీలో మద్రాసు ఆయన.

స్టేజీ మీద ఎడమ పక్కన నాకోసం ఇనప మడత కుర్చీ వేసి ఉంది. దానికి నా గిటారు ఆనించి ఉంది. వైరు తగిలించే ఉంది. ముగ్గురూ వచ్చి నిలబడ్డారు. మొదటి పాట గేటు పాట అని ముందే అనుకున్నాం. గిటారతను పందిట్లో నాకోసం వెతికాడు. ముందు వరసలోనే ఉన్నాను గనక కనిపించడానికి కొంచెం ఆలస్యమైంది. అతను చూసేది నిలబడ్డవాళ్ళ మధ్య. చివరికి చూశాడు. లేచి రమ్మన్నట్టు తల ఊపాడు. నేను చందనం గిన్నె వైపు చూశాను.

డ్రమ్ములవాడు పుల్లలతో నాలుగు దెబ్బలు కొట్టాడు.

తర్వాత నిశ్శబ్దం. నా వరస రావాల్సిన చోట నిశ్శబ్దం ఎంత పొడుగ్గా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు. వెనకాల ఎవరో నవ్వారు. డ్రమ్ములవాడు మళ్ళీ నాలుగు దెబ్బలు కొట్టాడు. నా కుడిచేతి రెండు వేళ్ళు తొడ మీద కదిలాయి. అంతకు మించి నేను కదల్లేదు. అప్పుడు గిటారతను నా వరసని తన సన్న తీగల మీద అందుకున్నాడు. తప్పులేకుండా వాయించాడు. రైలు దూరం నుంచి రావడం బదులు ఎవరో పిల్లవాడు ఈల వేస్తున్నట్టు వినిపించింది.

మద్రాసు ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. రెండో పాట అయ్యాక నా వైపు వంగారు.

"గిటారబ్బాయి చెయ్యి చాలా బాగుంది. పాటలూ కొత్తగా ఉన్నాయి. కాని అడుగున ఏమీ లేదండీ. పునాది వెయ్యని గోడలాగుంది. తమరికి తెలిసినవాళ్ళా?"

"ఒకటి రెండుసార్లు విన్నాను," అన్నాను.

"ఆ ఖాళీ కుర్చీ ఏంటో," అన్నారు ఆయన.

నేను చందనం గిన్నె ఆయన వైపు జరిపాను.

పాటలు అయ్యాక మిల్లు యజమాని నన్ను తన కారులో పటమట పంపించారు. అది కూడా వద్దనలేదు. గిటారూ ఆంప్లిఫయరూ వాళ్ళే వ్యానులో తెచ్చి గోడౌనులో పెట్టారు.

మర్నాడు వెళ్ళాను. పాడేవాడు రాలేదు. మళ్ళీ ఎప్పుడూ రాలేదు. డ్రమ్ములవాడు గోతాల మీద కూర్చుని ఉన్నాడు.

"నాలుగు కొట్టాన్రా. రెండుసార్లు," అన్నాడు.

గిటారతను ఒక చీటీ చూపించాడు. మద్రాసు ఆయన అడ్రసు. రికార్డు సంగతి ఏమీ అనలేదట, ఒక్కణ్ణి వచ్చి స్టూడియోలో వాయించి చూడమన్నారట.

"వెళ్ళనా?" అని నన్ను అడిగాడు.

"నన్నడుగుతావేంటి? నువ్వు మా పాలేరువి కాదుగా."

అతను చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "వద్దంటావేమోనని అడిగాను," అన్నాడు. "నలుగురం కలిసి ఇంకోసారి వెళ్దాం అంటావేమోనని."

ఆ మాటకి జవాబు నాకు మూడు నాలుగేళ్ళ తర్వాత తట్టింది. అప్పటికి అతను మద్రాసులో స్థిరపడ్డాడు. మీరు రేడియోలో విన్న పాటల్లో చాలావాటిలో ఆ గిటారు అతనిదే. అట్టల మీద అతని పేరు వేసేవారు కాదు. ఇప్పుడు ఈ వారపత్రికవాళ్ళు వేశారు. స్టూడియోల్లో వాయిద్యగాళ్ళందరూ కూర్చునే వాయిస్తారట. అదీ అందులోనే చదివాను.

పాడేవాడికి బస్సుల కార్పొరేషన్‌లో ఉద్యోగం దొరికింది. బస్టాండులో మైకులో బస్సులు చెప్పే పని. ఏలూరు బస్సు ఎన్నో ప్లాట్‌ఫారం మీద ఉందో చెప్పే ఆ గరగర గొంతు వింటూ ఈ జిల్లా మొత్తం ఎక్కింది, దిగింది. ఎవరికీ తెలియదు. ఒకసారి గుడివాడ వెళ్తూ ఆ మైకు గది కిటికీ దగ్గరికి వెళ్ళాను. నన్ను చూశాడు. మైకు నొక్కి, "బందరు వెళ్ళు ప్రయాణికులు," అని మొదలుపెట్టాడు. చెప్పడం ఆపేదాకా నిలబడదామనుకున్నాను. ఆపలేదు. నా బస్సు కదిలింది.

డ్రమ్ములవాడు తండ్రి వ్యాపారంలోకే వెళ్ళాడు. కొట్లో గల్లాపెట్టె మీద వేళ్ళతో కొడుతూ ఉంటాడు. అతనొక్కడే నాతో మాట్లాడతాడు.

"నువ్వు ఎక్కినా ఏమీ అయ్యేది కాదులేరా," అన్నాడొకసారి. "ఆ మద్రాసు కంపెనీ ఆర్నెల్లకే మూసేశారంట. మా నాన్న చెప్పాడు."

నన్ను ఓదారుస్తున్నానని అతని ఉద్దేశం. ఆర్నెల్లు ఒక చిన్న రికార్డుకి చాలు. ఆ లెక్క అతనికి తెలియక కాదు.

నేను ఒక ట్యుటోరియల్ కాలేజీలో ఇంగ్లీషు గ్రామరు చెప్పాను. అక్కడ కుర్చీ ఉండేది కాదు, నిలబడే చెప్పాలి. చెయ్యి ఎప్పుడూ వణకలేదు. ఆ పెళ్ళి సంగతి నాన్నగారికి ఎవరో చెప్పారు. ఆయన నన్ను పిలిచి ముత్తాతగారి కుర్చీలో కూర్చోమన్నారు, తాను మంచం మీద కూర్చున్నారు. ఆయన నా గురించి గర్వపడటం నా ఎరుకలో ఆ ఒక్కరోజే. అందుకు ఆయన్ని క్షమించడానికి నాకు చాలాకాలం పట్టింది. పూర్తిగా క్షమించానని ఇప్పుడూ చెప్పలేను.

గిటారతను వారపత్రికకి ఉన్నది ఉన్నట్టు చెప్పి ఉండవలసింది. మా బేసువాడు ముందు వరసలో కూర్చున్నాడు, లేవలేదు అని. ఇంట్లో పని పడిందని నన్ను కాపాడాడు. నన్ను కాపాడమని ఎవరు అడిగారు?

ఆ పెళ్ళి జరిగిన ఏడు ఎండాకాలంలోనే గిటారునీ ఆంప్లిఫయరునీ భవానీపురంలో పెళ్ళిళ్ళకు వాయించే ఒక ఆర్కెస్ట్రా వాళ్ళకి అమ్మేశాను. నాన్నగారు పోయాక ముత్తాతగారి కుర్చీని వన్ టౌన్‌లో ఒక పాత సామాన్ల కొట్టుకి అమ్మాం.